ముల్లు ఎవరు చూశారు?

2005 ఆగస్టులో పది రోజుల తేడాతో రెండు సంగతులు జరిగాయి. ఆ నెల 5న సుప్రీంకోర్టు జేకబ్ మాథ్యూ కేసులో తీర్పు చెప్పింది. 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్సు బండి మొదటిసారి రోడ్డెక్కింది. అప్పట్లో ఈ రెంటినీ కలిపి చూసినవాళ్లు ఉన్నారో లేదో గాని, అంబులెన్సులో ఒక ప్రాణం పోయిందన్న వార్త వచ్చినప్పుడల్లా ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాలనిపిస్తుంది.

ఆ కేసుకు మూలం 1995 ఫిబ్రవరి 22 రాత్రి. లుధియానా క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ఉన్న ఒక పెద్దాయనకు పదకొండు గంటల వేళ ఊపిరాడలేదు. కుటుంబం ఇచ్చిన ఫిర్యాదు ప్రకారం, పిలిచిన ఇరవై, ఇరవై అయిదు నిమిషాలకు గాని డాక్టర్లు రాలేదు. వచ్చి ఆక్సిజన్ పెట్టారు. ఆయాసం తగ్గకపోగా పెరిగింది. చూస్తే సిలిండర్ ఖాళీ. గదిలో ఇంకోటి లేదు. కొడుకే పరిగెత్తి పక్క గదిలోంచి ఒకటి తెచ్చాడు, దాన్ని పనిచేయించే ఏర్పాటు లేదు. ఈలోగా అయిదు నుంచి ఏడు నిమిషాలు గడిచిపోయాయి. మరో డాక్టర్ వచ్చి చూసేసరికి ప్రాణం లేదు.

పదేళ్ల తర్వాత సుప్రీంకోర్టు వాళ్లలో ఒకరైన డాక్టర్ జేకబ్ మాథ్యూ మీద క్రిమినల్ కేసు చెల్లదంది. వైద్యుణ్ణి జైలుకు పంపాలంటే మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం కనిపించాలంది. సిలిండర్ లేకపోవడమో, ఉన్నది ఖాళీ కావడమో ఆసుపత్రి లోపమైతే దానికి సివిల్ బాధ్యత ఆసుపత్రిది కావచ్చునని చెప్పి అక్కడితో ఆపింది. ఆ తీర్పు చదివిన చాలామందికి డాక్టర్లు బయటపడ్డారన్నదే గుర్తుంటుంది. మాకు మాత్రం కోర్టు దాటి వెళ్లిపోయిన ప్రశ్నే పెద్దదిగా కనిపిస్తుంది. ఆ సిలిండర్ మీటరు ముల్లు ఎక్కడుందో ఆ సాయంత్రం చూడాల్సిన మనిషి ఎవరు? చూసినట్టు ఎక్కడైనా రాశారా? ఊపిరాడని మనిషి ముందు నిలబడ్డ డాక్టర్ అప్పటికప్పుడు సిలిండర్ నింపలేడు. నింపి ఉంచాల్సిన పని కొన్ని గంటల ముందే, ఎవరూ ఏడవని వేళ, ఎవరూ చూడని చోట జరిగిపోవాలి.

అంబులెన్సుకు ఇది ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది. ఆసుపత్రికి కనీసం పక్క గది ఉంది. బండికి అదీ లేదు.

మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఉన్న ఐటీ కారిడార్‌లో అద్దాల భవనాలకు దీటుగా కార్పొరేట్ ఆసుపత్రులు లేచాయి. కారు ఉన్నవాళ్లకు, బీమా ఉన్నవాళ్లకు పది నిమిషాల దూరంలో ఎమర్జెన్సీ గది ఉంది. కాని ఈ కారిడార్ అంటే ల్యాప్‌టాప్ బ్యాగులు మాత్రమే కాదు. కొండాపూర్, కోకాపేట టవర్లు కట్టే కూలీలు, హౌస్‌కీపింగ్ అమ్మలు, రాత్రంతా క్యాబ్ నడిపేవాళ్లు, గేటు దగ్గర నిలబడే సెక్యూరిటీ తాతలు కూడా ఇక్కడే ఉన్నారు. వాళ్లలో చాలామందికి దగ్గరి ఆసుపత్రి అంటే డబ్బు కట్టమనే ఆసుపత్రి. వాళ్ల బండి చాలాసార్లు నిమ్స్‌కో, గాంధీకో, ఉస్మానియాకో పోవాలి.

ఒక్క లెక్క చూడండి. అంబులెన్సుల్లో తరచూ కనిపించే బి-టైప్ సిలిండర్ నిండా ఉంటే దాదాపు 1,500 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. మాస్కులోంచి నిమిషానికి 10 లీటర్లు పోతే రెండున్నర గంటలు వస్తుంది. అదే ముల్లు పావు దగ్గర ఉంటే ముప్పై ఏడు నిమిషాలు. ఆఫీసులు వదిలే వేళ మైండ్‌స్పేస్ నుంచి బయల్దేరిన బండి బయోడైవర్సిటీ కూడలి దాటి, ఊరు దాటి ముప్పై ఏడు నిమిషాల్లో గాంధీ ఆసుపత్రి మెట్లెక్కుతుందని ఎవరూ భరోసా ఇవ్వలేరు. కాబట్టి ఆ రోగి బతకడమో పోవడమో పైలట్ అని పిలిచే డ్రైవర్ వేగం మీద కంటే, షిఫ్టు మారేటప్పుడు ఆ పావు ముల్లును చూసి "సిలిండర్ మార్చాకే బండి తీస్తాను" అనగలిగిన మనిషి మీద ఎక్కువ ఆధారపడి ఉంటుంది. అలా అన్నందుకు అతణ్ణి పైవాళ్లు కసురుకుంటారా, మెచ్చుకుంటారా అన్నదీ అంతే ముఖ్యం.

సిలిండర్ ఒక్కటే కాదు. వాల్వు తిప్పే కీ దాని పక్కనే వేలాడుతోందా, సక్షన్ మెషీన్‌కు చార్జింగ్ ఉందా, చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబు బ్యాగుకు చిన్నపిల్లల మాస్కు ఉందా, షుగర్ చూసే స్ట్రిప్పుల గడువు తీరిందా, స్ట్రెచర్ చక్రం లాక్ పడుతోందా. వీటిలో ఏదీ పెద్ద చదువు అడిగే పని కాదు. పావుగంట పడుతుంది. ఆ పావుగంట జీతంలో లెక్కకు రావాలి, రిజిస్టర్‌లో సంతకంతో ఉండాలి. అంతే.

ఇలా రాసి ఉంచడం ఎంత అవసరమో 108 వ్యవస్థకు మొదటి నుంచీ తెలుసు. దాన్ని మొదలుపెట్టింది సత్యం కంపెనీ అధినేత రామలింగరాజు స్థాపించిన ఈఎంఆర్ఐ అనే సంస్థ. ఈ కారిడార్‌లో పుట్టిన ఐటీ పద్ధతుల్నే తీసుకెళ్లి రోడ్డు మీది ప్రమాదానికి అన్వయించారు. కాల్ ఎన్నింటికి వచ్చింది, బండి ఎన్నింటికి కదిలింది, ఎన్నింటికి చేరింది అన్నీ నమోదవుతాయి. వెనక కూర్చున్న ఈఎంటీకి, అంటే అత్యవసర వైద్య సాంకేతిక నిపుణుడికి, ఫోన్లో సలహా చెప్పడానికి కంట్రోల్ రూమ్‌లో డాక్టర్ ఉంటారు. పేషెంట్ కేర్ రికార్డు రాస్తారు. 2009 జనవరిలో సత్యం కుప్పకూలినప్పుడు కూడా బండ్లు తిరుగుతూనే ఉన్నాయి. తర్వాత ఆ సేవ జీవీకే గ్రూపు చేతికి వెళ్లింది, ఇప్పుడు ఈఎంఆర్ఐ గ్రీన్ హెల్త్ సర్వీసెస్ పేరుతో నడుస్తోంది. తెలుగునేల నుంచి దేశంలోని ఎన్నో రాష్ట్రాలకు పాకిన ఈ సేవ మీద మాకు గౌరవం ఉంది. ఆ గౌరవంతోనే అడుగుతున్నాం.

బండిలో ఉండేది ఇద్దరే. ముందు పైలట్, వెనక ఈఎంటీ. సాధారణంగా పన్నెండు గంటల డ్యూటీ. గుండె ఆగిన మనిషికి నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు ఛాతీ నొక్కాలి. రెండు నిమిషాలకోసారి చేతులు మారాలన్నది ప్రపంచమంతా పాటించే పద్ధతి, ఎందుకంటే అలసిన చేతి కింద రక్తం సరిగా కదలదు. కుదుపుల బండిలో ఒంటరి ఈఎంటీ ఎవరితో మారాలి? ఇరవై నిమిషాల దారిలో అతను రెండు వేల సార్లకు పైగా నొక్కాలి. మధ్యలో మాస్కు పట్టుకోవాలి, కంట్రోల్ రూమ్ డాక్టర్‌తో మాట్లాడాలి, పక్కనే ఏడుస్తున్న కూతురికి జవాబు చెప్పాలి. ఆ ప్రాణం పోతే తొలి దెబ్బ తగిలేదీ అతని చెంపకే. మనుషుల దుఃఖాన్ని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. దుఃఖానికి ఎదురుగా కనిపించే మనిషే దొరుకుతాడు. వెనకున్న మిగతావాళ్లు, అంటే సిలిండర్ నింపే కాంట్రాక్టర్, మూడో మనిషి అక్కర్లేదని బడ్జెట్ రాసిన అధికారి, దారివ్వని కార్లు, ఎవరూ అక్కడ ఉండరు.

చట్టం కూడా అతన్నే ఎదురుగా నిలబెడుతోంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106(1) సెక్షన్ నిర్లక్ష్యం వల్ల జరిగిన మరణానికి అయిదేళ్ల వరకు శిక్ష పెట్టింది. అదే తప్పు వైద్యం చేస్తూ రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ చేస్తే గరిష్ఠ శిక్ష రెండేళ్లే. ఈఎంటీ ఆ నిర్వచనంలోకి రాడు. పాత శిక్షాస్మృతిలో అందరికీ రెండేళ్లే ఉండేది. అంటే డాక్టర్ కంటే తక్కువ చదువు, తక్కువ జీతం, తక్కువ సామగ్రితో రోడ్డు మీద పనిచేసే మనిషికి ఎక్కువ శిక్ష ఎదురు చూస్తోంది. జేకబ్ మాథ్యూ తీర్పు డాక్టర్లకు ఇచ్చిన కాపు ఇతనికి ఎంతవరకు అందుతుందో ఒక్కో కేసులో వాదించుకోవాల్సిందే. 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం అత్యవసర వైద్య సాంకేతిక నిపుణుల్నీ తన షెడ్యూల్‌లో చేర్చింది. వాళ్లకు రిజిస్టర్, చదువుకు ప్రమాణం, తప్పు చేస్తే విచారించే మండలి ఉండాలంది. ఆ చట్టాన్ని రాష్ట్రాలు అమలు చేయకపోతే 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు గడువు పెట్టాల్సి వచ్చింది. రిజిస్టర్ ఉంటే మంచి ఈఎంటీకి రక్ష, చెడ్డవాడికి భయం. ఇప్పుడు రెండూ అరకొరగానే ఉన్నాయి.

రెండో వైపు నిలబడి చూడండి. చనిపోయిన మనిషి భార్యకో కొడుకుకో ఏం దారి ఉంది? ఈఎంటీకి మరణాన్ని ధ్రువీకరించే అధికారం లేదు. బండి క్యాజువాలిటీ గుమ్మం చేరాక డాక్టర్ నాడి చూసి 'బ్రాట్ డెడ్', అంటే తెచ్చేసరికే ప్రాణం లేదు, అని రాస్తారు. ఆసుపత్రి కాగితం ఆ గుమ్మం దగ్గర మొదలవుతుంది. అంబులెన్సు కాగితం ఆ గుమ్మం దగ్గర ముగుస్తుంది. మధ్యలో దారిలో ఏం జరిగిందో అడిగితే ఆసుపత్రివాళ్లు బండివాళ్లను చూపిస్తారు, బండివాళ్లు "మేం తెచ్చేసరికి ప్రాణం ఉంది" అంటారు. వినియోగదారుల కమిషన్‌కు పోదామంటే, అందరికీ పూర్తిగా ఉచితంగా ఇచ్చే వైద్య సేవ ఆ చట్టం పరిధిలోకి రాదని 1995లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 108 అందరికీ ఉచితం. కోర్టుల దారి ఎంత పొడవో ఈ నగరానికి తెలుసు. 1990లో నిమ్స్‌లో ఆపరేషన్ తర్వాత కాళ్లు చచ్చుబడిన ఒక ఇంజినీరింగ్ విద్యార్థికి కోటి రూపాయల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2009 వచ్చింది. ఈలోగా అతను సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అయ్యాడు, తన కేసు తానే వాదించుకున్నాడు.

ప్రైవేటు అంబులెన్సుల సంగతి ఇంకా వేరు. డబ్బు తీసుకుంటాయి కాబట్టి వినియోగదారుల చట్టం వర్తిస్తుంది, కాని రుజువుగా చూపడానికి కాగితమే ఉండదు. కేంద్రం ఏఐఎస్-125 అనే ప్రమాణంతో రోడ్డు అంబులెన్సుల్ని నాలుగు రకాలుగా విడదీసింది. రోగిని ఊరికే తరలించే బండి వేరు, ప్రాథమిక ప్రాణరక్షణ బండి వేరు, వెంటిలేటర్ దాకా ఉండే అడ్వాన్స్‌డ్ బండి వేరు. ఆసుపత్రి గేటు ముందు బేరమాడే కుటుంబానికి ఈ తేడా చెప్పేవాళ్లెవరు? తెల్లరంగు, ఎర్రలైటు, పక్కన ఫోన్ నంబరు, అన్నీ ఒకేలా కనిపిస్తాయి. 2022 ఏప్రిల్‌లో తిరుపతి రుయా ఆసుపత్రి దగ్గర బయటి అంబులెన్సును రానివ్వకపోవడంతో ఒక తండ్రి పదేళ్ల కొడుకు శవాన్ని బైకు మీద తొంభై కిలోమీటర్ల దూరంలోని సొంతూరికి తీసుకెళ్లాడు. ఆ దృశ్యం చూసి రాష్ట్రమంతా కంటతడి పెట్టింది, కొందరిపై చర్యలూ తీసుకున్నారు. కాని ఆసుపత్రి గేట్ల దగ్గరి బేరం చాలా ఊళ్లలో ఇంకా అలాగే ఉంది. 2023 జులైలో నారాయణగూడలో రోగి లేకుండా సైరన్ మోగించి కూడలి దాటించి, మిర్చిబజ్జీల కోసం ఆగిన డ్రైవర్ పోలీసు కెమెరాకు చిక్కాడు. ఆ ఒక్క వీడియో వల్ల నష్టపోయింది మర్నాడు నిజంగా ప్రాణం మోసుకొచ్చే బండి. దారివ్వకపోతే పదివేల జరిమానా అని 2019లో మోటారు వాహనాల చట్టం సవరించారు, కాని దారిచ్చేది జరిమానాకు భయపడి కాదు, లోపల మనిషి ఉన్నాడన్న నమ్మకంతో.

ఇక్కడ ఈ కారిడార్ గురించి ఒక మాట చెప్పాలి. అర్ధరాత్రి ఒక అమెరికా బ్యాంకు సర్వర్ పన్నెండు నిమిషాలు ఆగిపోతే రాయదుర్గంలో ఆన్‌కాల్‌లో ఉన్న కుర్రాడి ఫోన్ మోగుతుంది. అన్నిటికంటే తీవ్రమైన ఇలాంటి అంతరాయాన్ని 'సెవ్ వన్' అంటారు. బ్రిడ్జ్ కాల్‌లో ఇరవైమంది చేరతారు. సర్వర్ లేచాక ఎవరూ నిద్రపోరు, ఆర్‌సీఏ, అంటే మూలకారణ విశ్లేషణ రాయాలి. మొదటి అలారం ఎప్పుడు వచ్చింది, ఎవరు చూశారు, ఎందుకు ఆలస్యమైంది, ఏ తనిఖీ ఉండి ఉంటే ముందే తెలిసేది, మళ్లీ జరక్కుండా ఎవరు ఏ తేదీలోగా ఏం మారుస్తారు. మంచి కంపెనీల్లో ఆ కాగితంలో తప్పు చేసినవాడి పేరు వెతకరు, తప్పు జరగడానికి దారిచ్చిన ఖాళీని వెతుకుతారు. ఇంత చక్కని అలవాటును వేలమంది రోజూ పాటిస్తున్న చోట, అదే రోడ్డు మీద అంబులెన్సులో ఒక మనిషి చనిపోతే ఆ అలవాటు ఎందుకు గుర్తుకు రాదు?

అది సర్వర్లకే చెల్లుతుందనుకోనక్కర్లేదు. మన ఆరోగ్య శాఖే ఒక రకం మరణాలకు ఈ పని చేస్తోంది. కాన్పు సమయంలో తల్లి చనిపోతే ఆ మరణాన్ని సమీక్షించాలని 2010లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది, 2017లో వాటిని మరింత బిగించింది. ఇంటి దగ్గర ఎంత ఆలస్యమైంది, దారిలో ఎంత, ఆసుపత్రిలో ఎంత అని విడివిడిగా అడుగుతారు. కేరళలో ప్రసూతి వైద్యుల సంఘం 2004 నుంచే పేర్లు బయటపెట్టకుండా ఇలాంటి సమీక్ష నడుపుతోంది. దారిలో జరిగే ఆలస్యం గురించి అడగడం వచ్చిన శాఖకు, ఆ దారిలోనే పోయిన మిగతా ప్రాణాల గురించి అడగడం చేతకాదా?

బ్రిటన్ అనుభవం మనకు మరో కోణం చూపిస్తుంది. అక్కడ రోగికి హాని జరిగితే దాచకుండా కుటుంబానికి చెప్పి తీరాలని 2014లో నియమం తెచ్చారు. అంబులెన్సు సంస్థలకూ అది వర్తిస్తుంది. అయినా ఇంగ్లండ్ ఈశాన్య ప్రాంత అంబులెన్సు సంస్థ కొన్ని మరణాల్లో సిబ్బంది చేసిన పొరపాట్ల వివరాలను మరణాలపై విచారణ జరిపే అధికారి అయిన కరోనర్ ముందు పూర్తిగా పెట్టలేదని 2022లో బయటపడింది. బయటపెట్టింది సంస్థలోని మనిషే. 2023 జులైలో స్వతంత్ర సమీక్ష వచ్చింది, సంస్థ ఆ కుటుంబాలకు క్షమాపణ చెప్పింది. నియమం ఒక్కటే చాలదని దీన్నిబట్టి తెలుస్తుంది. సంస్థ తన మీద తానే విచారణ చేసుకుంటే పేరు కాపాడుకోవాలన్న ఆరాటం ముందుకొస్తుంది. అందుకే మరణాన్ని సమీక్షించే బల్ల దగ్గర బయటి డాక్టర్ ఒకరు కూర్చోవాలి. కుటుంబం నుంచి ఒకరు వచ్చి అడగదలచుకున్నది అడగాలి.

ఈ మాట అంటున్నప్పుడు అన్నీ క్షమించేయమని మేం చెప్పడం లేదు. సర్వర్‌కు, మనిషికి తేడా ఉంది. తాగి బండెక్కినవాణ్ణి, డబ్బు చేతిలో పడితే గాని కదలనివాణ్ణి, జరిగాక రికార్డులో టైము దిద్దినవాణ్ణి చట్టం పట్టుకోవాలి. వ్యవస్థ లోపం అనే మాట వాళ్లకు గొడుగు కాకూడదు. కాని ఖాళీ సిలిండర్ గురించి ముందురోజే రాసి ఇచ్చిన ఈఎంటీని, ఆ కాగితం పక్కన పడేసిన అధికారిని ఒకే గాట కట్టడం న్యాయం కాదు. ఎవరు ఏం రాశారో కాగితం ఉంటేనే ఈ తేడా తెలుస్తుంది. అందుకే షిఫ్టు మొదట్లో పెట్టే ఆ చిన్న సంతకం ఈఎంటీకి భారం కాదు, అతనికున్న మొదటి సాక్షి.

సిద్ధంగా ఉంటే ఈ నగరం ఏం చేయగలదో మనం చూశాం. 2025 జనవరి 17న దానమిచ్చిన గుండెను ఎల్బీనగర్ నుంచి లక్డీకాపూల్‌కు మెట్రో రైలు 13 కిలోమీటర్లు, 13 స్టేషన్లు దాటించి 13 నిమిషాల్లో చేర్చింది. 2023 ఫిబ్రవరిలో సైబరాబాద్ పరిధిలోని ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆరాంఘర్ దగ్గర రోడ్డు మీద కుప్పకూలిన మనిషికి సీపీఆర్ చేసి బతికించాడు. అప్పుడతని దగ్గర ఏ యంత్రమూ లేదు, నేర్చుకున్న విద్య ఉంది. గుండె ఆగాక సీపీఆర్ లేకుండా గడిచే ప్రతి నిమిషానికి మనిషి బతికే అవకాశం ఏడు నుంచి పది శాతం తగ్గుతుంది. అంబులెన్సు వచ్చేదాకా ఆ నిమిషాలు పక్కనున్నవాళ్ల చేతిలోనే ఉంటాయి. గేటు దగ్గర యాప్‌లో అనుమతి వచ్చేదాకా బండిని ఆపే అపార్ట్‌మెంట్లు, స్ట్రెచర్ పట్టని లిఫ్టులు కూడా ఆ నిమిషాల్ని తింటాయి. సమీక్ష అంటూ జరిగితే ఇవీ బయటికొస్తాయి.

రోగిని తరలించే బండిలో తగిన సామగ్రి, తగిన సిబ్బంది ఉండాలని సుప్రీంకోర్టు 1996లో పశ్చిమ బెంగాల్ వ్యవసాయ కూలీల సంఘం కేసులోనే చెప్పింది. కొత్తగా చట్టం చేసేదాకా ఆగాల్సిన పని లేదు. ఆరోగ్య శాఖ ఒక ఉత్తర్వుతో మొదలుపెట్టవచ్చు. 108 అయినా ప్రైవేటైనా, దారిలో పోయిన ప్రతి ప్రాణం మీద నెలలోగా సమీక్ష జరగాలని, షిఫ్టు తనిఖీ కాగితం, కాల్ టైములు, పేషెంట్ రికార్డు నకళ్లు కుటుంబానికి అడగకుండానే ఇవ్వాలని రాస్తే చాలు. అది వచ్చేలోగా సైబరాబాద్‌లోని కంపెనీలు తమ వంతు తామే చేయవచ్చు. ఇక్కడి పోలీసులు, ఐటీ సంస్థలు కలిసి నడిపే సొసైటీ ఫర్ సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్ ఎలాగూ ఉంది. టెక్ పార్కుల్లో నిలబెట్టే అంబులెన్సులకు ఏటా ఒప్పందం రాస్తారు. అద్దె ఎంత, బండి ఏ మోడల్ అని అందులో ఉంటుంది. ప్రతి షిఫ్టుకూ ముల్లు చూసి సంతకం పెట్టాలని, వెనక శిక్షణ ఉన్న మనిషి లేకుండా బండి కదలకూడదని, మరణం జరిగితే సమీక్షకు రికార్డులన్నీ అప్పగించాలని ఇంకో మూడు వాక్యాలు చేర్చమని మా విన్నపం. ఆ బండి ఎక్కేది పై అంతస్తు మేనేజర్ కావచ్చు, కింద పార్కింగ్‌లో కూలిన సెక్యూరిటీ గార్డు కావచ్చు. ఇద్దరికీ ఒకే సిలిండర్ పెడతారు.